ఎనిమిది కొనల చుక్క

డెబ్బైల్లో చల్లపల్లి దగ్గరి మిషన్ ఆసుపత్రిలో మా అక్క ప్రసవించింది. అక్కడి లాట్వియా నర్సమ్మగారు పసివాడి టోపీ మీద ఎర్రదారంతో ఎనిమిది కొనల చుక్క కుట్టారు. పుట్టిన ప్రతి బిడ్డకూ కుట్టేవారు.

“మతం గుర్తాండీ?” అన్నాను. అప్పుడే డిప్లొమా పూర్తిచేశాను. ప్రతిదానికీ కారణం కావాలి.

“కాదు బాబూ. మా దేశంలో అమ్మమ్మలు కుడతారు. చెడు దగ్గరికి రాదు.”

“దారానికి అంత బలమాండీ?” అని నవ్వాను. ఇంట్లోవాళ్లు మతం గుర్తే అనుకుని ఏమంటారోనన్న భయంతో, ఆమె అటు తిరగగానే బ్లేడుతో దాన్ని కోసేశాను. ఇటు తిరిగేసరికి ఆమె చూశారు.

తర్వాత మూడు రోజులూ డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లకుండా ఉయ్యాల పక్కనే కూర్చున్నారు. నా మీద నిఘా అనుకున్నాను.

“ఆ చుక్క చేసే పని ఆవిడే చేసిందిరా,” అంది అక్క, విజయవాడ బస్సెక్కాక.

వచ్చేటప్పుడు నేను నర్సమ్మగారికి నమస్కారమైనా పెట్టలేదు.