మోటారుకు పసుపు కుంకుమ

మొన్న శనివారం మా ఇంట్లో ఒక సానరాయి మోటారును వదిలేసి నడిచిపోయింది. నవ్వకండి, కళ్లారా చూసినాను. దాన్ని సాగనంపినవాణ్ని నేనే!

మా ఇంట్లో ఒక పాత గ్రైండర్ ఉంది. తమిళనాడులో మా ధర్మపురి పక్క గ్రైండర్ అంటే అందరికీ ఇడ్లీపిండే గుర్తొస్తుంది. ఇది అది కాదు. నడుమ మోటారు, రెండు పక్కలా రెండు సానరాళ్లు, కొడవళ్లు పదును పెట్టేది. మొరప్పూర్‌లో ఎవరో వర్క్‌షాప్ మూసేస్తే కొనుక్కొచ్చినాను. దీనికి టికెట్ తీయాలా వద్దా అని బస్సులో కండక్టరూ నేనూ రైల్వే గేటు దాకా వాదించుకున్నాం. సరే, అది వేరే కథ.

దానికి ఒకటే జబ్బు. స్విచ్ వేస్తే 'ఊఁ' అని మూలుగుతుంది, తిరగదు. పుల్లతో రాయిని ఒక్క తోపు తోస్తే రయ్యిమని అందుకుంటుంది. నాలుగేళ్లుగా మాకు అదే పద్ధతి. అందుకని ఒక వేపపుల్లను స్విచ్ పక్కన మేకుకు వేలాడదీసినాము.

ఆ పొద్దు పది కొడవళ్లు పదునుకు వచ్చినాయి. మరుసటి పొద్దు తెల్లారగానే కోతకూలీల మేస్త్రి లక్ష్మి తన ఆడవాళ్లను తీసుకుని మా రాగిచేనులో కోతకు దిగాలి. వత్తల్‌మలై కొండ మీద మబ్బు నల్లగా కూర్చుంది. వాన పడిందా, పండిన పైరు నేలకు ఒరిగిపోతుంది. ఆమీద కోతకు మనుషులూ దొరకరు. పుల్ల తీసుకుని తోసి ఉంటే అర్ధగంటలో పని అయిపోయుండేది.

కానీ అప్పుడే బోరు మోటారు చూడడానికి మెకానిక్ గోవిందన్ వచ్చినాడు. నా పుల్లను చూసి ఒకటే నవ్వు.

"ఏందన్నా, మోటారును పుల్లతో పొడిచి లేపుతావా? కండెన్సర్ పోయింటాది. ఇది వెయ్యి, అదే తిరుగుతుంది" అని ఒకటి చేతిలో పెట్టినాడు. అంతటితో పోయినాడా? గేటు దగ్గర తిరిగి, "నీకు చేతకాకుంటే చెప్పు, సోమవారం వచ్చి నేనే వేస్తాలే" అన్నాడు.

నాకు చేతకాకుంటేనా! సేలంలో ఫిజిక్స్ చదివినవాణ్ని!

"ముందు కొడవళ్లు సానబట్టండి, మోటారు ఎక్కడికీ పారిపోదు" అనింది నా భార్య సరోజ.

"రిపేరు చేసినాక పది నిమిషాల్లో పడతాను" అన్నాను.

ఎట్లాగూ విప్పుతున్నాం కదా, లోపల బేరింగ్‌కు కొంచెం ఆయిల్ వేద్దామనిపించింది. దానికి రాళ్లు ఊడదీయాలి. కుడిపక్క నట్టు వచ్చింది. ఎడమపక్కది కదల్లేదు. స్పానర్ మీద ఒళ్లంతా వేసి వేలాడినాను. చివరికి సిగ్గు విడిచి గోవిందన్‌కు ఫోన్ చేసినాను.

"అన్నా, ఎడమపక్క మర రివర్స్. బిగించే పక్కకు తిప్పు, ఊడొస్తుంది."

"ఎందుకట్ల?"

"నాకేం తెలుసు? అట్లనే వస్తుంది."

ఎవడో తిక్కవాడు చేసింటాడనుకున్నాను. అంటే గంటసేపు దాన్ని నేను బిగిస్తూ ఉన్నానన్నమాట.

లోపల నాలుగు తీగలు. నాలుగూ మసిబారి ఒకటే రంగు. ఏది ఎక్కడిదో గుర్తుండాలి కదా? దేవుడి గూట్లో నుంచి భరిణెలు తెచ్చి, రెండు తీగలకు తడిపసుపు, రెండింటికి కుంకుమ పెట్టినాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఆమీద తీగలు ఊడదీసి, బేరింగ్‌కు ఆయిల్ వేసినాను. చేతులు జిడ్డయినాయి. సబ్బుతో రుద్ది, ఆ నురగ చేతులతోనే వచ్చి తీగలు పట్టుకున్నాను. ఒక్క నిమిషంలో నాలుగూ ఎర్రగా ఉన్నాయి! పసుపు ఎక్కడికి పోయిందో నాకు అంతుపట్టలేదు. సరే, ఉన్నవి నాలుగే కదా అని కొత్త కండెన్సర్ పెట్టి, గుర్తున్నట్టు తగిలించినాను. రాళ్లు మళ్లీ ఎక్కించేటప్పుడు ఎడమ నట్టును ఏ పక్కకు తిప్పితే బిగుస్తుందో మళ్లీ అనుమానం వచ్చి, సగంలో వదిలేసినాను.

స్విచ్ వేసినాను. మూలుగు లేదు, తోపు లేదు, దానంతట అదే తిరిగింది!

"సరోజా! ఆ పుల్లను పొయ్యిలో పెట్టు!" అని అరిచినాను. నలభై ఏళ్లలో మొదటిసారి, నా మాట ఆమె వెంటనే వినింది.

కొడవలి ఆనించినాను. కిందికి పడాల్సిన నిప్పురవ్వలు నా ముఖం మీదికి ఎగిరినాయి. మోటారు వెనక్కి తిరుగుతున్నది! ఇదేంది అని చూస్తుండగానే ఎడమ నట్టు తనంతట తానే మర విప్పుకుని టంగుమని కింద పడింది. మర రివర్స్ ఎందుకో అప్పుడు అర్థమైంది. సరిగ్గా తిరిగితే నట్టు బిగుస్తూ పోతుంది, వెనక్కి తిరిగితే ఊడుతూ పోతుంది. కాలేజీలో మూడేళ్లకు ఎక్కని పాఠం మూడు సెకన్లలో ఎక్కింది.

నేను స్విచ్ ఆపేలోపల రాయి నేలమీదికి దూకి, వసారా దాటి, మెట్లు దిగి, కోళ్లను చెదరగొట్టి వాకిట్లోకి పోయింది. కొడవళ్ల కోసం వచ్చిన లక్ష్మి కాళ్ల దగ్గర పడుకుంది.

"ఏం పెదనాయనా, కొడవళ్లు అడిగితే రాయిని పంపించినావు?"

ఆమె రాయిని ఎత్తుకుపోయి నీళ్ల తొట్టి గట్టు మీద పెట్టి, దోసెడు నీళ్లు చల్లి, ఒక్కొక్క కొడవలినీ చేత్తో రుద్దింది. అర్ధగంటలో పదీ తళతళలాడినాయి.

అంతలో సరోజ పళ్లెంలో పసుపునీళ్లు తెచ్చి, నా ముందరే చిటికెడు సున్నం వేసింది. నీళ్లు భగ్గుమని ఎర్రబడినాయి.

"చూసినారా? సబ్బు తగిలినా ఇంతే. ఆరతి నీళ్లు కలిపే ఏ ఆడదాన్ని అడిగినా చెప్పుండేది" అనింది.

"మోటారుకు దిష్టి తీస్తావా?" అన్నాను.

"మోటారు ఏం పాపం చేసింది? మీరు నిలబడండి."

ఆదివారం చివరి మోపు ఇంటికి చేరినాకనే వాన పడింది. సోమవారం గోవిందన్ వచ్చి, నవ్వు ఆపుకోలేక ఆగి ఆగి రెండు తీగలు మార్చినాడు. ఇప్పుడు పుల్ల లేకుండానే బాగా తిరుగుతున్నది. మిక్సీ ఏదో కొత్త శబ్దం చేస్తున్నదే, చూద్దామని నిన్న నా స్క్రూడ్రైవర్ కోసం ఇల్లంతా వెతికినాను. దొరకలేదు. సరోజను అడిగినాను.

"పుల్ల పోయిన చోటికే అదీ పోయింది" అనింది.