ఆస్గర్ కాపాడిన గుమ్మం

మా ఆస్గర్ గురించి చెప్పమంటే ముందు నాలుగు తిట్లు తిట్టి, ఆ తర్వాత చెప్పాలి. తిట్టకుండా చెప్పడం నా వల్ల కాదు.

మా రేవు ఊరు ఫోబోర్గ్‌లో వీధి వైపున్న పసుపుపచ్చ పెద్దిల్లు ఒకప్పుడు ఎవరో షావుకారుది. దాని కమాను దాటి వెనక్కొస్తే రాళ్లు పరిచిన పెరడు, పెరడు చుట్టూ మా బుల్లి ఇళ్లు. షావుకారి నౌకర్లు కాపురమున్నవి. నా గోడకి ఆనుకునే ఆస్గర్, అతని భార్య గుడ్రున్ ఉండేవాళ్లు.

ఆస్గర్ వయసులో ఉన్నప్పుడు ఒక బట్టల కొట్టాయన ఇవన్నీ కొని, పడగొట్టి, కార్లు నిలుపుకుందామనుకున్నాడు. ఆస్గర్ బస్సు డ్రైవరు. ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ పడగొట్టేవాళ్ల దారికి అడ్డంగా కూర్చున్నాడు. తిరగని ఆఫీసు లేదు, పట్టుకోని కాళ్లు లేవు. చివరికి పెద్దిల్లూ, వెనకున్న మా గూళ్లూ రక్షిత కట్టడాలయ్యాయి. ఊరంతా శభాష్ అంది, నేనూ అన్నాను.

ఆ తర్వాతే మాకు శని పట్టింది. మేకు దిగ్గొట్టాలన్నా ఆస్గర్ వచ్చి నిలబడేవాడు. చలికి తాళలేక నేను ప్లాస్టిక్ కిటికీ పెట్టించుకుంటే దాన్ని ఊడబీకించేదాకా నిద్రపోలేదు.

"తోవా, నీ చలి ఈ ఏటిది. నువ్వు తీయించిన ఆ పాత కిటికీ మీ ముత్తాతకంటే ముందుది" అన్నాడు.

"అయితే మా ముత్తాతనే వచ్చి వణకమను" అన్నాను. ఒళ్లు మండిపోయింది నాకు.

గుడ్రున్ మాత్రం నవ్వేది. ఆవిడకి ఇల్లంటే రాత్రి తలదాచుకునే చోటు, అంతే. ఎండయినా మంచయినా తెల్లారేసరికి రేవు దగ్గర సముద్రంలోకి దూకాల్సిందే. తడి జుట్టుతో ఆ కమాను కింద నుంచి పాడుకుంటూ వచ్చేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున ఆస్గర్ ఆమెని ఎత్తుకుని గుమ్మం దాటబోయి జారాడు. ఆవిడ తుంటి విరిగింది. మళ్లీ ఆసుపత్రి, అక్కణ్ణుంచి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లోపలికి చేర్చారు. అప్పటినుంచీ ఒకటే మాట, "నన్నెవరూ ఎత్తొద్దు. కుర్చీతోనే కదులుతా." చక్రాల కుర్చీ మడిచి లోపలికి తేగలిగారు గానీ, ఆమె కూర్చున్నాక గుమ్మం పట్టదు. రెండు వేళ్ల మందం తక్కువ. గుమ్మానికి అటూ ఇటూ దిగ్గొట్టిన పాత ఓక్ చెక్కలు, ఆ రెండు వేళ్లూ వాటివే.

"అనుమతి అడిగి ఆ చెక్కలు తీయించవయ్యా" అన్నాను.

"అసలు చెక్కలు తోవా! ఇళ్లని రక్షిత కట్టడాలు చెయ్యడానికి వచ్చిన ఆఫీసర్లకి వాటిని వేలు పెట్టి చూపించింది నేనే. ఇప్పుడు పోయి తీసేస్తానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ మొహం సరే, ఆవిడ మొహం చూశావా?"

ఆకులు రాలే కాలం నుంచి ఎండాకాలం దాకా గుడ్రున్ గడప దాటలేదు. నేను సముద్రం నుంచి వస్తుంటే కిటికీలోంచి అడిగేది, "నీళ్లు వెచ్చబడ్డాయా?" నాకు దుఃఖం ముంచుకొచ్చేది. "ఇంకా చల్లగానే ఉన్నాయి, నువ్వేం పోగొట్టుకోలేదులే" అని అబద్ధం చెప్పేదాన్ని.

జూన్‌లో వాళ్ల పెళ్లికి యాభై ఏళ్లు నిండి స్వర్ణోత్సవం వచ్చింది. ఇరుగుపొరుగు కలిసి గుమ్మం ముందు తోరణం నిలబెట్టడం, పొద్దున్నే పాట పాడి దంపతుల్ని లేపడం, వాళ్లు చేయీ చేయీ పట్టుకుని దాని కిందుగా బయటికి రావడం మా ఆనవాయితీ. ముసలి ప్రెబెన్ పడవలు కట్టిన మనిషి, చట్రం అతను చేశాడు. నేను ఫర్ చెట్టు పచ్చి కొమ్మలు చుట్టి బంగారు కాగితం పువ్వులు గుచ్చాను. గోడకి ఒక్క మేకు తగలనివ్వలేదు, ఆస్గర్ పెంచిన శిష్యులం కదా!

తెల్లారగానే గొంతెత్తి పాడాం. తలుపు తెరుచుకుంది. నీలం గౌను వేసుకుని, జుట్టు దువ్వుకుని, గుడ్రున్ కుర్చీలో కూర్చుని ఉంది. చక్రాలు గుమ్మం చెక్కలకి తగిలి ఆగిపోయాయి. మాకప్పుడు తట్టింది, ఆవిడ బయటికి రావడం కుదరదని. తోరణం కొలతలు తీశాం, పువ్వులు లెక్కపెట్టుకున్నాం, ఆ ఒక్క సంగతి ఎవరికీ గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పోనీ మేమే లోపలికొస్తాంలే" అన్నాడు ప్రెబెన్, బుద్ధి లేకుండా.

"ఎవరూ రావొద్దు. బయటికి రావాల్సింది నేను" అంది గుడ్రున్. మొగుడి వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ నిన్ను అడగలేదు. ఇవాళ అడుగుతున్నా. ఆ చెక్కలు తియ్యి."

"గుడ్రున్, అవి ఏమిటో నీకు..."

"అవేమిటో నాకు తెలుసు. నేనెవరో నీకు తెలుసా?"

ఆస్గర్ లోపలికెళ్లి చిన్న గునపం తెచ్చాడు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే పెకలించాడు. ఒక చెక్క నిలువునా చీలింది. ఆ చప్పుడుకి తనకే దెబ్బ తగిలినట్టు అరిచాడు. కుర్చీ కదిలింది. మేం మెల్లిగా మెట్టు దింపాం. తోరణం కింద గుడ్రున్ మొహం మీద ఎండ పడింది. ఏడుస్తూ మళ్లీ పాడాం. ఆవిడ వెన్న రాసిన రొట్టె తింది, పండగపూట తాగే చేదు సారా ఒక గుక్క తాగి, ఇంకో గుక్క పొయ్యమంది.

"గాలి తిరిగింది. లోపలికి వెళ్దామా?" అన్నాడు ఆస్గర్.

"నేను వెళ్లను" అంది. "రేవు పక్కన ముసలాళ్ల ఆశ్రమంలో ఒక గదికి ఫోన్లో మాట్లాడుకున్నా. ఇద్దరికీ సరిపోతుందట. తలుపులు వెడల్పట. నువ్వూ రా ఆస్గర్. ముందు నా కోటు తెచ్చిపెట్టు."

అతను లోపలికెళ్లాడు. బయటికొచ్చేసరికి చేతిలో కోటు లేదు, సుత్తి ఉంది. నోట్లో మేకులు పట్టుకుని గడప దగ్గర మోకాళ్ల మీద కూలబడి, చీలిన చెక్క ముక్కలు ఒకదానికొకటి ఆనించి కొట్టడం మొదలెట్టాడు. మా వైపు చూడలేదు.

కేకలెయ్యబోయాను. గుడ్రున్ నా చెయ్యి పట్టుకుంది. "వద్దు తోవా. అతను కొట్టడం ఆపేదాకా ఇక్కడే ఉంటే నేను మళ్లీ లోపలికే పోతాను. తొయ్యి."

కోటు లేకుండానే తోశాను. కమాను దాటేదాకా ఆ సుత్తి ఆగలేదు.