డాక్టర్ అడగని పరీక్ష

అన్న కళ్లు పచ్చబడ్డాయి. ఆకు పసరు పోయిద్దామన్న వాళ్లందరితో పోట్లాడి, నేనే నెల్లూరు తీసుకొచ్చాను. పైత్యరసం వచ్చే నాళం ఎక్కడో మూసుకుపోయిందని స్కానింగులో తేలింది. రాయో గడ్డో ఇప్పుడే చెప్పలేమన్నారు. డిగ్రీ చదివినదాన్ని, ఊరుకుంటానా? ఫోన్లో చదివి, ఎవరూ రాసివ్వకుండానే ల్యాబులో క్యాన్సర్ ఆనవాలు పట్టే సీఏ 19-9 అనే రక్తపరీక్ష చేయించాను. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు వచ్చింది.

డాక్టర్ ఆ కాగితం చూసి, నా వైపు చూశారు.

"ఎవరు చేయించమన్నారమ్మా?"

"నేనే."

"నాళం మూసుకుపోయి కామెర్లు ఉంటే, రాయి వల్లయినా ఇది పెరుగుతుంది. కొందరికి క్యాన్సర్ ఉన్నా పెరగదు. ముందు గొట్టం వేసి దారి తియ్యాలి. కామెర్లు తగ్గినాక మళ్లీ చూద్దాం. అప్పుడైనా ముక్క తీసి చూస్తేగానీ ఖాయం కాదు."

అర్థమైంది. అప్పటికే ఆ అంకె చెప్పి, క్యాన్సరేనని వదినకు ఫోన్లో అనేశాను.

మా పులికాట్ పల్లెలో వల వేసే చోట్లకు చీటీలు తీసి వంతులు పంచుకుంటారు. మనిషి ఇక సరస్సులో దిగడనుకుంటే, ఇంటివాళ్లు పెద్దల ముందు ఆ వంతు ఇంకొకరికి అప్పజెబుతారు. వదిన ఏడుస్తూ వెళ్లి అన్న వంతును తన తమ్ముడికి ఇప్పించింది. ఆ సంగతి అన్నకు పడవలో తోడు వెళ్లేవాడు నేరుగా అన్నకే ఫోన్ చేసి చెప్పాడు.

వార్డులో అన్న కామెర్ల దురదకు చేతులు గోక్కుంటూ కూర్చున్నాడు.

"నా వంతు ఇచ్చేసినారంట. నేను పోయినట్టే కదమ్మే?"

"పోవడమేంది? రాయి కూడా కావచ్చు."

"మరి ఆ పరీక్ష ఎందుకు చేయించినావు? నాకు గొట్టాలొద్దు, ఏమొద్దు. ఇంటికి పోదాం."

ఎవరితోనైనా వాదించగలను. ఆ కాగితానికి అర్థం లేదంటే, ఎందుకు చేయించావంటాడు. ఉందంటే చెప్పులు వేసుకుంటాడు. కామెర్లు దిగకుండా మళ్లీ చేయిస్తే మళ్లీ అదే గందరగోళం. అన్న ముందే వదినకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాను.

"వదినా, తప్పు నాది. వంతు వెనక్కి తీసుకో."

"కాలేజీ చదివిన ఆడబిడ్డ చెప్తే నమ్మినా. ఇప్పుడు పెద్దల ముందర నేను అబద్ధాలకోరునా?"

"నేనొచ్చి చెప్తా, నాకే బుద్ధి లేదని."

అన్న గోక్కోవడం ఆపాడు. "అందరి ముందర అంటావా ఆ మాట?"

"అంటా."

"నువ్వు? అది వినేదానికైనా బతకాల. తే ఆ గొట్టం వేసేదానికి ఒప్పుకునే కాగితం, యాడ పెట్టాల సంతకం?"

మర్నాడు గొట్టం వేశారు. రాయో గడ్డో ఇంకా తెలియలేదు. నేను బస్సెక్కి పల్లెకు వెళ్లి, ఇచ్చిన మాట ప్రకారం పెద్దల ముందు నిలబడి, అన్నకు వినబడేలా ఫోన్ పట్టుకుని, నాకే బుద్ధి లేదని ఒప్పుకున్నాను. ఒకాయన అడిగాడు.

"అది సరేగానీ, మీయన్న మళ్లీ నీళ్లల్లో దిగతాడా, దిగడా?"

"తెలీదు. తెలిసే దాకా ఆ వంతు ఆయనదే."