మా డప్పు, మా బువ్వ

మొన్న రాష్ట్ర అవతరణ దినం నాడు మా ఊరి బస్సు స్టేజీ దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఉద్యమంలో పోరాడిన మా ఊరి బిడ్డలకు వందనాలు అని పైన రాసి, కింద మొహాలు వరుసగా అచ్చేశారు. కళ్ళజోడు తుడుచుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. ఆ రోజుల్లో రోడ్డు మీదికి తొంగిచూడనివాళ్ళు ఉన్నారు, అప్పటికి లాగులు తొడగడం రాని పిల్లలు కూడా ఉన్నారు, మా మేనత్త మాత్రం లేదు. బడి మొహం ఎరుగనివాడిని నేను. పటేలు పశువులు కాస్తూ, చర్చిలో విని కంఠస్థమైన కీర్తనలను అచ్చులో ఉన్న అక్షరాలతో పోల్చుకుంటూ, ఈ గీత ఈ శబ్దం కాబోలు అని నాకు నేనే చదువు చెప్పుకున్నవాడిని. అయినా ఆ ఫ్లెక్సీ రాయించినవాళ్ళకన్నా నాకు జ్ఞాపకం ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. ఆ రోడ్ల మీద నాతోపాటు కూర్చున్న నా ఈడువాళ్ళు ఇది చదివితే చాలు.

మాది నంగునూరు పక్క ఊరు, సిద్దిపేట పోయే రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. ఊరికి ఒక కొసన మా వాడ, వాడకు నడుమ రేకుల చర్చి. మా తాతల కాలంలో వాడంతా ఒక్కసారే యేసయ్య మతంలోకి వచ్చింది. వచ్చిన రోజున మా తాత చేసిన మొదటి పని ఇంట్లో చూరుకు వేలాడే డప్పును తీసి పొయ్యిలో పెట్టడం. ఊళ్ళో పీనుగు లేస్తే కొట్టాలి, జాతరకు కొట్టాలి, దొర వస్తున్నాడంటే పరుగెత్తి కొట్టాలి, కొట్టి కొట్టి చేతులు వాచినా వాకిలి బయటే నిలబడి చాటలో పోసింది తెచ్చుకోవాలి. డప్పు ఉన్నన్నాళ్ళు వెట్టి ఉంటుందని ఆయన లెక్క. ఇక కొట్టేది లేదని చెప్పినందుకు ఆ యేడు వానకాలమంతా మా వాడకు ఊళ్ళో కూలి లేదు, మంచినీళ్ళ బావి దగ్గరికి రానియ్యలేదు. అప్పుడు చిన్నపిల్లగా ఉన్న మా మేనత్త వాగు ఇసుకలో తోడిన చెలిమల నీళ్ళు తాగి ఆ కాలం దాటింది. తోలు కాలిన వాసన తనకు ముసలితనంలో కూడా గుర్తుండేదట. అప్పటినుంచి మా చర్చిలో చప్పట్లు, తాళాలు తప్ప డప్పు మోగలేదు.

రాష్ట్రం కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్డు ఎక్కిన రోజులు మీకు జ్ఞాపకం ఉంటాయి. మా స్టేజీ దగ్గర కూడా టెంటు వేశారు. ఒక్కో రోజు ఒక్కో కులం వంతు. చాకలివాళ్ళు నడిరోడ్డు మీద ఇస్త్రీ చేశారు, మంగలివాళ్ళు గడ్డాలు గీశారు, కుమ్మరివాళ్ళు సారె తిప్పారు, పద్మశాలీలు మగ్గం తెచ్చి పెట్టారు, ముస్లిములు అక్కడే నమాజు చేశారు. ఎవరి వంతు రోజున వాళ్ళు అక్కడే పొయ్యి పెట్టి వండితే అందరూ వరుసగా కూర్చుని తినేవారు. వంటావార్పు అనేవాళ్ళం. మా వాడ వంతు మాత్రం రాలేదు. కట్టెలు తేవడానికి, అంట్లు ఎత్తడానికి, జెండాలు మొయ్యడానికి మేము రోజూ ఉండేవాళ్ళం. మా వాడ పెద్దలు కూడా, మన రాజ్యం పరలోకంలో ఉంది, ఈ లోకపు రాజ్యాలతో మనకేం పని అని సర్దుకున్నారు. నేను మాత్రం సర్దుకోలేదు. పరలోకం మాకు, సర్పంచు గిరి వాళ్ళకు. ఏం పంపకమయ్యా ఇది?

అట్లా ఉండగా ఒక సాయంత్రం టెంటుకు పెద్దమనిషిగా ఉన్న పటేలు మా మేనత్త గడపలోకి వచ్చాడు. ఎనభై ఏళ్ళ మనిషి, వాడకంతా పెద్ద దిక్కు, ఆమె ఊఁ అంటే వాడ ఊఁ అంటుందని అతనికి తెలుసు.

"పెద్దవ్వా, అన్ని కులాలు అయిపోయినయి. ఐతారం మీ వంతు. డప్పులు పట్టుకొని ముంగట నడువున్రి, ఎన్కంగ మేమంత వస్తం. డప్పు లేకుంటె జోరు వస్తలేదు."

"ముంగట నడుసుడు మాకు కొత్తనా పటేలా? మీ ఇండ్లల్ల పీనుగు లేస్తే మా తాతలే ముంగట నడిసిన్రు."

"గా పాత ముచ్చట ఇడువు."

"ఇడిసినం. గందుకే డప్పు గూడ ఇడిసినం."

అతను పోయాక వాడ రెండుగా చీలింది. పడుచువాళ్ళు ఇప్పుడు డప్పు అంటే వెట్టి కాదు, తెలంగాణ గుండె చప్పుడు అన్నారు. పెద్దలు మాట తప్పితే దేవుడు ఊరుకోడన్నారు. మా మేనత్త ఎప్పటిలాగే పత్తికి పోయి వస్తూ ఉంది. ఆమెకు అన్నం సయించడం లేదని మాకు తెలుస్తూనే ఉంది. కొడితే తండ్రి తెంచుకున్న వెట్టిని మళ్ళీ తలకెత్తుకున్నట్టు, కొట్టకపోతే తన పిల్లలు ఊరి పోరులోంచి బయటికి పోయినట్టు.

ఆ వారంలోనే బుధవారం కూడికలో పాస్టరయ్య ఒక సంగతి చెప్పాడు. పట్నంలో చదివి కొత్తగా మా దగ్గరికి వచ్చిన కుర్రవాడాయన. వెనకటికి నల్లజాతివాళ్ళను ఓడల్లో కట్టేసి తెచ్చి అమెరికాలో అమ్ముకున్నారని, దొరలు వాళ్ళకు యేసయ్యను చూపించి ఆయన మీ యజమానులకు లోబడమన్నాడని బోధించారని, ఆ బానిసలు మాత్రం అదే వాక్యంలో సంకెళ్ళు తెంపే దేవుణ్ణి పట్టుకున్నారని, దేవుడు నల్లవాళ్ళ నడుమ నల్లవాడై ఉన్నాడని వాళ్ళ మనుమలు ఎలుగెత్తి చాటారని చెప్పాడు. నేను అప్పటికి ఎన్నో పుస్తకాలు తిరగేశాను గానీ ఈ మాట ఎక్కడా చూడలేదు.

మా మేనత్త చాప మీది నుంచే అడిగింది.

"ఆళ్ళేం పని జేసెటోళ్ళు అయ్యగారూ?"

"పత్తి ఏరెటోళ్ళు అవ్వా."

ఆమె తన వేళ్ళ చివర పత్తికాయలు గీరిన గాట్లు చూసుకుంది. గోడ మీద నీలికళ్ళ యేసయ్య పటం వైపు చూసింది.

"నల్లగనే ఉంటడు తియ్. ఎండల పని జేసేటోళ్ళ నడుమ తిరిగెటోడు తెల్లగెట్లుంటడు?"

అందరూ నవ్వారు, పాస్టరయ్య కూడా నవ్వాడు. నవ్వు ఆగాక ఆయన ఇంకో మాట అన్నాడు. ఆ బానిసల దగ్గర డప్పులుంటే ఒకరికొకరు కబురు చేసుకుని తిరగబడతారని భయపడి చాలాచోట్ల దొరలు వాటిని గుంజుకున్నారట. అప్పుడు వాళ్ళు చేతులతో, కాళ్ళతో దరువు వేసుకుని దేవుణ్ణి స్తుతించారట.

మా మేనత్త మొహంలో నవ్వు పోయింది. మా చప్పట్ల చేతులన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. ఆ తర్వాత, మా నాయిన డప్పు కాల్చింది దేవుని మీద కోపంతో కాదు, పటేండ్ల మీద కోపంతో అంది. వెట్టి పోవాలె గాని దరువెందుకు పోవాలె అంది. బైబిల్లో సముద్రం దాటి బానిసత్వం నుంచి బయటపడ్డ జనంలో ఒక ఆడమనిషి డప్పులాంటి వాద్యం చేతపట్టి ఆడి పాడిన కథ నా చేత మళ్ళీ చదివించుకుంది. నేను చదువుతుంటే ఆమె వేళ్ళు మోకాలి మీద చిన్నగా కదులుతున్నాయి.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పటేలు ఇంటికి పోయింది. అరుగు కింద నిలబడలేదు, అరుగు మీదే కూర్చుంది.

"ఐతారం డప్పు కొడ్తం పటేలా. గని ఒక్క మాట. బువ్వ గూడ మేమే వండుతం. మా డప్పుకు ఎగిరినోళ్ళు మా బువ్వ తినాలె. తింటరా, జెప్పు. లేకుంటె డప్పు లేదు."

పటేలు పక్కనున్నవాళ్ళ మొహాలు చూశాడు.

"ఏం వండుతరు?"

"నువ్వు బుగులు పడేది గాదు తియ్. పప్పుచారు, వంకాయ కూర."

అందరి ముందు కాదనలేక సరేనన్నాడు.

ఆదివారం ఆరాధన మేము రోడ్డు మీదే పెట్టుకున్నాం. రెండు వైపులా లారీలు, బస్సులు ఆగిపోయి ఉన్నాయి. మతంలో కలవని మా చుట్టాలు మిరుదొడ్డిలో ఉంటే వాళ్ళ దగ్గర డప్పులు అడిగి తెచ్చాం. అన్నం ఉడుకుతున్న పొయ్యి మంటకే డప్పులు కాచాం. తోలు బిగుసుకుంటూ ఖంగుమంటుంటే మా మేనత్త ఒక డప్పు అడిగి తీసుకుంది. మా వాడలో ఆడవాళ్ళు డప్పు పట్టడం అదివరకు ఎవరూ చూడలేదు. కొంగు నడుముకు చెక్కి, బక్కచేత్తో మొదటి దెబ్బ వేసింది. తర్వాత పడుచువాళ్ళు అందుకున్నారు. హల్లెలూయా, జై తెలంగాణ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఊరంతా చిందేసి ఎగిరింది. పటేలు కూడా కండువా తిప్పుతూ ఎగిరాడు. మా తాతల నాటి నుంచి ఊరికి మోగిన చప్పుడు వేరు, ఇది వేరు. మాకోసం మేము కొట్టుకుంటుంటే రోడ్డు, చెట్లు, ఆగిన బస్సుల అద్దాలు అన్నీ దడదడలాడినట్టు అనిపించింది.

విస్తర్లు వేసే వేళకు చూడాలి ఊరి భక్తి! ఒకరికి ఒక్కపొద్దు, ఒకరికి కడుపునొప్పి, ఒకరికి ఇంట్లో చుట్టాలు. శనివారం ఒక్కపొద్దులు ఆదివారానికి జరిగినాయి. పటేలు ఫోను చెవికి ఆనించుకుని టెంటు వెనక్కి నడిచాడు. పొడుగునా పరిచిన ఖాళీ విస్తర్లు గాలికి లేస్తుంటే మా పిల్లలు రాళ్ళు పెడుతున్నారు. మా పడుచువాళ్ళు పళ్ళు నూరుతున్నారు. డప్పులు తీసుకుని వెళ్ళిపోదామన్నాను నేను.

మా మేనత్త వరుస మొదట్లో చతికిలబడింది. తన విస్తరి పక్కన ఇంకో విస్తరి వేసి, నీళ్ళు చల్లి, అన్నం వడ్డించింది. కళ్ళు మూసుకుని, రోడ్డు ఆ చివరకు వినబడేంత గొంతుతో ప్రార్థన ఎత్తుకుంది.

"యేసయ్యా, ఊరందరికి ఇయ్యాల ఒక్కపొద్దట. నీకు లేదు కద తండ్రీ. నువ్వు ఎవ్వలింట్ల పెట్టినా తిన్నవు. రా, కూసో. గీ ఇస్తరి నీది."

అప్పుడు ఆగిన లారీల్లోంచి ఒక సర్దార్జీ డ్రైవరు, పొద్దున్నుంచి అక్కడే చిక్కుకున్నవాడు, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మా జీ, ఖానా మిలేగా?" అని హిందీలో అన్నం అడిగాడు.

"ఆవో బేటా, బైఠో," అని ఆ విస్తరే చూపించింది.

పాస్టరయ్య కంగారుపడి, "అవ్వా, గది ప్రభువుకు వేసిన..." అనబోయాడు.

"ఎవ్వలికి ఏసిన్నో ఆయనే వచ్చిండు. ఊకో అయ్యగారూ. పప్పు వొయ్యి."

ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఎన్నో పుస్తకాలు చదివాను. దేవుడు పేదవాళ్ళ పక్షమని ఎందరో చెప్పగా విన్నాను. ఆయన మా వరుసలో కూర్చుని పప్పుచారు జుర్రుకోవడం మాత్రం ఆ ఒక్కనాడే చూశాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ గడ్డం మనిషి తలవంచుకుని తింటుంటే నా మోకాళ్ళు వాటంతటవే నేలకు ఆనాయి.

అతని వెనుక బస్సు దిగి పిల్లల తల్లులు వచ్చారు, కండక్టరు వచ్చాడు. వాళ్ళను చూసి ఊళ్ళో చాకలి ఇంటి ముసలమ్మ, "నాకేం ఒక్కపొద్దు లేదే" అంటూ వచ్చి కూలబడింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చిట్టచివరికి పటేలు వచ్చి దోసిలి పట్టి, కొంచెం ప్రసాదం పెట్టమన్నాడు.

"ప్రసాదం గాదు పటేలా, బువ్వ. కూసోని కడుపు నిండ తిను."

అందరూ చూస్తున్నారు. అతను దోసిలి దించాడు. చెప్పులు విడిచి, మా మేనత్తకు ఎదురుగా కూర్చున్నాడు, తిన్నాడు. ఆమె తనే లేచి మారు వడ్డించింది.

రాష్ట్రం వచ్చింది. అది చూశాకే మా మేనత్త పోయింది. ఇప్పుడు మా వాడ పిల్లల పెళ్ళిళ్ళు సిద్దిపేటలో ఫంక్షన్ హాళ్ళలో అవుతున్నాయి. ఊరి పెద్దలందరూ వస్తారు, మాతో కలిసే బల్లల ముందు కూర్చుని తింటారు, కులం ఎక్కడుందయ్యా ఇప్పుడు అని నాతోనే అంటారు. పెళ్ళి కుదిరినప్పుడు మా పిల్లలు మొదట చూసుకునేది మాత్రం వంట కాంట్రాక్టరు ఎవరన్నది, అతను ఏ కులంవాడన్నది. పెద్దమనుషులు రావాలి గదా తాతా, అంటారు. రానీ, తిననీ, మంచిదే. వాళ్ళతోపాటు నేనూ తింటాను, వంట రుచిగానే ఉంటుంది. అది మా చేతి వంట కాదు, అంతే.