ఆమె తరువాత గిన్నె

పాస్టర్లను తయారుచేసే మా వేదాంత పాఠశాల కమిటీ నిన్న ప్రభువు బల్ల దగ్గర అందరం ద్రాక్షరసం తాగే ఒకే గిన్నెను తీసివేసి, మనిషికొక చిన్న ప్లాస్టిక్ కప్పు పెట్టాలని తీర్మానించింది. శుభ్రత కోసమని రాశారు. అది అబద్ధం. సంఘమంతా ఒకే శరీరమన్న పాఠంలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, అడవి గూడెం నుంచి వచ్చిన వంటావిడ తాగిన గిన్నెలో తాను తాగనన్నాడు; అతణ్ణి దిద్దవలసినవారు గిన్నెను మార్చారు. కమిటీలో ఉన్న నేను కాదన్నాను. ‘మార్కులు చూడండి మేడం, మనసులు మనకెందుకు’ అని ఒక పెద్దమనిషి నవ్వాడు. నా అభ్యంతరాన్ని మినిట్స్‌లో ఎక్కించలేదు గనుక, తేదీ వేసి నా డైరీలోనైనా రాసుకున్నాను.

మణుగూరు దారిలో రేకుల కప్పు కింది బైబిలు పాఠశాలలో నాతో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది, మన అయ్యగారు పరీక్షనాడు ప్రశ్నపత్రం ఇచ్చేముందు, ఇక్కడ ఎవరిమీదనైనా మనసులో ఏమైనా పెట్టుకున్నావా అని ఒక్కొక్కరినీ అడిగేవారు. ఉందంటే, సమాధానపడి వచ్చేదాకా పత్రం చేతికి వచ్చేది కాదు. బైబిలు మూలభాష గ్రీకు క్రియలను తడుముకోకుండా అప్పజెప్పే మా తోటి విద్యార్థి వేంసూరు అన్న, గూడెం నుంచి వచ్చి మాకు వండిపెట్టే వంట అక్క తాగిన గిన్నెలో తాగకుండా, బల్ల దగ్గర ప్రతిసారీ ఆమెకంటే ముందే వరుసలో చేరడం అయ్యగారు కనిపెట్టారు. చివరి పరీక్షనాడు అతని పత్రాన్ని తన దగ్గరే ఉంచుకొని వంటింటివైపు చూపించారు. ఆ పరీక్ష రాయకపోతే అతణ్ణి ఏ సంఘానికీ పాస్టరుగా పంపరు.

అన్న కోపంగానే వెళ్లాడు. కిటికీ పక్కన కూర్చున్న నాకు అక్క గొంతు వినబడింది.

‘మూడేండ్లసంది నా చేతి బువ్వ తింటున్నవ్ గద తమ్మీ, గిన్నె కాడికొచ్చేసరికి ఏంది గిట్ల? కూసో, ముందు తిను.’

అతడేమన్నాడో వినబడలేదు. మేమందరం రాసి లేస్తుండగా ఎర్రబడ్డ కళ్లతో తిరిగి వచ్చాడు. అయ్యగారు అతనొక్కడి పరీక్ష కోసం మధ్యాహ్నమంతా కూర్చున్నారు. ఆ ఆదివారం అన్న అక్క వెనుక నిలబడ్డాడు. ఆమె తాగిన గిన్నె అందుకొని తాగాడు. అప్పటిదాకా ప్రసంగంలా సాగిన అతని ప్రార్థన, ఆ తరువాత మాటలు వెతుక్కునేది.

చదువు భక్తికి అడ్డమనేవారిని నేనెన్నడూ సమర్థించలేదు. గ్రీకు కావాలి, సిద్ధాంతం కావాలి. అవి మనిషి లోపలికి దిగాయో లేదో మొహం మీద అడిగే మనిషీ కావాలి.

గిన్నె వద్దన్న ఈ కొత్త పట్టభద్రుడికి భద్రాచలం అవతలి అడవిపల్లెలు అప్పగించారు. అక్కడి అక్కలు కొత్త పాస్టరును నోరారా అయ్యగారూ అని పిలిచి, మంచం వాల్చి, తాము తాగే చెంబుతోనే నీళ్లు తెచ్చిస్తారు. దాహం లేదంటాడు. వాళ్లు నమ్ముతారు. మా రోజుల్లో ఆ సంగతి పల్లెకు పంపకముందే వంటింట్లోనే తేలిపోయేది.