మట్టికి మొక్కితే ఎర్రజెండా

మొన్న పొద్దున పేపరు తిరగేస్తుంటే, జమ్మలమడుగులో రిటైరైన వ్యాయామాధ్యాపకుడొకరికి శాలువా కప్పుతున్న ఫోటో, దాని కింద ఆయన నిష్పక్షపాతాన్ని పొగుడుతూ రాసిన వార్త కంటబడ్డాయి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఆయనే. నిష్పక్షపాతమట! ఆనాడు పులివెందుల మైదానంలో నాతోపాటు ఎండకు నిలబడిన నా ఈడువాళ్ళెవరైనా ఆ వార్త చూసి ఉంటే, వాళ్ళకూ ఒళ్ళు మండే ఉంటుంది.

నేను బడి సగంలో మానేసినవాణ్ణి. చాపాడు దగ్గర మా నాయన చేనిగట్టున కూర్చుని, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, ఇంగ్లీషులో ఉన్న ఆటల నియమాల పుస్తకాన్ని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఆ చదువుతోనే ప్రొద్దుటూరు కాలేజీలో ఇనుపగుండు, డిస్కు, ఈటె విసరడం నేర్పే పని దొరికింది. అదీ ఏటికేడు పొడిగించే తాత్కాలికపు కొలువే. డిప్లొమాలున్నవాళ్ళు నన్ను ఓరకంట చూసేవాళ్ళు, నేను వాళ్ళను అంతకంటే ఓరగా చూసేవాణ్ణి. పోటీల్లో అందరి కళ్ళూ గాల్లో పోయే గుండు మీద ఉంటే, నా కళ్ళు టేపు పట్టిన చేతి మీద ఉండేవి. సున్నా ఎక్కడ ఆనించాడో వంగి చూసుకుంటే తప్ప నాకు నమ్మకం కుదిరేది కాదు.

ఒక ఏడు దువ్వూరు నుంచి ఒక పిల్లవాడు వచ్చి చేరాడు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఊరి తిరునాళ్ళలో రాతిగుండు ఎత్తి పెరిగిన ఒళ్ళు గనక, ఇనుపగుండు వాడి చేతిలో నిమ్మకాయలా ఉండేది. తండ్రి వీసా సిద్ధం చేసి రమ్మంటున్నాడు. పులివెందులలో జరిగే కాలేజీల పోటీలో గెలిచి యూనివర్సిటీ జట్టులో చేరితే ఇక్కడే ఉంటాను, లేదంటే విమానమెక్కుతాను అని ఇంట్లో మాటిచ్చి వచ్చాడు వాడు.

మా వైపు రాతిగుండు ఎత్తినవాడు దాన్ని కింద పడేయగానే, ముందుకు వంగి, అది పడిన చోట మట్టిని తాకి కళ్ళకద్దుకుంటాడు. అంత బరువును భరించినందుకు నేలకు పెట్టే దండం అది. కాలేజీ ఆటలో అది కుదరదు. విసిరినవాడు తాను నిలబడిన సున్నపు వలయం వెనక సగం నుంచే బయటికి రావాలి. ఈ మాట వాడికి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఆరోజు విసురు చెల్లితే తెల్లజెండా, పౌలైతే, అంటే తప్పయితే, ఎర్రజెండా ఎత్తవలసింది ఈ శాలువా పెద్దమనిషే. జమ్మలమడుగు తరఫున విసిరే పిల్లవాడు ఆయన భార్యకు మేనల్లుడని నేను ముందే ఆరా తీసి ఉంచుకున్నాను. ఆ మేనల్లుడు విసిరిన ఊపులో కాలివేళ్ళు వలయం ముందరి అడ్డుకొయ్యను దాటి నేలకు తగిలాయి. సరిగ్గా అప్పుడే ఆయనకు చేతిగడియారం చూసుకోవలసిన పని పడింది. తర్వాత లేచింది తెల్లజెండా!

ఆఖరి వంతు మావాడిది. గుండు అందరి గుర్తులనూ దాటి దూరంగా పోయి పడింది. జనం అరిచారు. ఆ అరుపుకు మావాడికి తిరునాళ్ళే గుర్తొచ్చిందేమో, కొయ్య దాటి పరుగున పోయి, గుండు పడిన గుంటలోని మట్టి తీసి కళ్ళకద్దుకున్నాడు. ఎర్రజెండా లేచింది.

నేను ఆయన మీదికి పోయాను. "ఏందప్పా, పుస్తకమంతా నమిలి మింగినోడివి, ముందరికొస్తే పౌలని నీకు నేను జెప్పాల్నా?" అన్నాడాయన నవ్వుతూ. "మొక్కినా పౌలేనా మామా? ఇంగ గుళ్ళో యాడ మొక్కల్ల?" అని జనంలో ఎవరో వేళాకోళమాడారు. నియమం నాకు తెలియక కాదు. మేనల్లుడి కాలు కనబడని కంటికి మావాడి దండం ఎట్లా కనబడిందన్నదే నా ప్రశ్న.

మేనల్లుడు జట్టులోకి పోయాడు. మావాడే నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి, "ఇడ్సిపెట్టు సార్, ఎంతసేపు అరుస్తావు? శానా ఆకలైతాంది, దోసెలు తిందాం పా" అన్నాడు. ఆ నెలలోనే కువైట్ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎవడు చేరినా గుండు చేతికిచ్చే ముందే వెనక్కి నడవడం నేర్పించాను, మొక్కబోయిన చేతుల మీద బెత్తంతో కొట్టి మరీ మాన్పించాను. ఇప్పుడు ఎవరికీ ఏదీ మాన్పించనక్కర్లేదు. కొలవడానికి మిషన్లు వచ్చాయి, వాటినీ నేను అనుమానంగానే చూస్తాననుకోండి. పిల్లలు గుండు విసిరి, ఒకరు చెప్పే పని లేకుండా వెనక్కి తిరిగి వచ్చేస్తారు, దువ్వూరు వైపు పిల్లలు కూడా. ఏ జెండా పట్టినవాడూ వాళ్ళను తప్పుపట్టలేడు. గుండు పడిన గుంట వైపు మాత్రం ఒక్కడూ తిరిగి చూడడు.