మా మనవరాలి రాగి జుట్టు

మిత్రులారా, అమెరికాలో, ఈ ట్రాయ్ ఊళ్లో మా అమ్మాయికి కూతురు పుట్టింది! అల్లుడు ఇక్కడి అబ్బాయి. అచ్చం తండ్రి పోలికే, పాపకు తల నిండా ఎర్రటి జుట్టు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

నిన్న మా వీధి తెలుగావిడ చూడటానికొచ్చి సంచిలోంచి గుంటగలగరాకు నూనె సీసా తీసింది.

"అంకుల్, డైలీ రాయండి, బ్లాక్ అయిపోతుంది. రెడ్ హెయిర్ వాళ్లకి టెంపర్ ఎక్కువట!"

మూత తీసిందో లేదో, ఆ వాసన నన్ను మా పాత వంటింట్లో పడేసింది. గుర్తుందా మీకు, సత్తుగిన్నెలో కాగే ఆ పచ్చటి నూనె? మా చెల్లెలు సుబ్బులుది రాగి జుట్టు. అమ్మ రోజూ దాని మాడు మండేలా రుద్దేది. పనిమీద బయలుదేరిన పెద్దమనుషులు అది ఎదురొస్తే వెనక్కెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవాళ్లు. ఏం పెద్దమనుషులండీ, ఆరేళ్ల పిల్లని చూసి జడుసుకునే పెద్దమనుషులు! వాళ్లకన్నా సిగ్గులేనివాణ్ణి నేను. స్నేహితులు నవ్వుతారని బడికి దాన్ని పదడుగులు వెనక రమ్మనేవాణ్ణి. అది ఏడుస్తూనే వచ్చేది.

సీసా మూత బిగించి ఆవిడ చేతిలోనే పెట్టాను.

"మా పిల్ల జుట్టుకి జబ్బేం లేదమ్మా. ఆ టెంపర్ మాట అన్నవాళ్ల బుర్రకి రాయండి."

ఆవిడ వెళ్లాక మా అమ్మాయి అంది: "నాన్నా, ఆంటీ ఫీలయ్యారు."

"అవనీ తల్లీ. మీ మేనత్త ఏడ్చిన రోజుల్లో ఈ మాట అనడానికి నాకు నోరు రాలేదు."